ఒకే పేరు, రెండు డిస్కులు

తమ్ముడు: అక్కా, ఆంద్రే, బిగ్ బోయ్‌ల రాప్ జంట అవుట్‌కాస్ట్ ఎప్పుడు విడిపోయింది అంటే ఏ సంవత్సరం చెప్తావు?

అక్క: 2003.

తమ్ముడు: అదేంటి! వాళ్లు తిరుగులేకుండా ఉన్న ఏడాది కదా అది? వాళ్ల 'ఐడిల్‌వైల్డ్' ఆల్బమ్ 2006లో వచ్చింది.

అక్క: వచ్చింది, అదే ఆఖరిది. సరే, మొదటి నుంచి చెప్తాను. అట్లాంటాలో ఉన్న మనవాళ్లకు లెనాక్స్ మాల్ తెలిసే ఉంటుంది. ఆంద్రే, బిగ్ బోయ్ కుర్రాళ్లుగా ఉన్నప్పుడు కలిసింది అక్కడే. ఇద్దరూ ఈస్ట్ పాయింట్‌లో ఒకే హైస్కూల్లో చదివారు. తర్వాత సంగీత నిర్మాత రికో వేడ్ వాళ్లమ్మగారి ఇంటి బేస్‌మెంట్‌కి చేరారు. కింద గచ్చు కూడా లేదు, జార్జియా ఎర్రమట్టే. 'డంజన్' అని దానికే పేరు. 1994లో వచ్చిన మొదటి ఆల్బమ్ ఆ మట్టిలో మొలిచిందే.

తమ్ముడు: అప్పట్లో రాప్ అంటే న్యూయార్క్, కాదంటే లాస్ ఏంజెలెస్.

అక్క: 1995లో న్యూయార్క్‌లో హిప్‌హాప్ పత్రిక 'సోర్స్' ఇచ్చే అవార్డులు. ఉత్తమ కొత్త గ్రూప్ అని వీళ్ల పేరు పిలవగానే హాల్లో గోల చేశారు, వద్దు పొమ్మన్నట్టు. ఆంద్రేకి అప్పుడు 20 ఏళ్లు. మైక్ దగ్గర నిలబడి, అమెరికా దక్షిణాది చెప్పాల్సిన మాట ఒకటుంది అన్నాడు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

తమ్ముడు: నాకు మాత్రం 1998 నాటి 'అక్వెమినై' ఆల్బమ్ అంటేనే ప్రాణం.

అక్క: ఆ పేరెలా వచ్చిందో తెలుసుగా? బిగ్ బోయ్‌ది కుంభరాశి, ఆంద్రేది మిథునం. రెండు రాశుల ఇంగ్లీషు పేర్లూ కలిపేశారు. అయిదేళ్ల తర్వాత చూడు, ఒకే అట్ట కింద రెండు డిస్కులు. ఒకటి బిగ్ బోయ్‌ది, ఫంక్, రాప్. ఇంకోటి ఆంద్రేది, అందులో ఎక్కువగా పాటలు పాడాడు.

తమ్ముడు: అందుకా 2003 అన్నావు!

అక్క: అందుకే. అందులో ఆంద్రే పాట 'హే యా' తొమ్మిది వారాలు బిల్‌బోర్డ్ పాటల చార్టులో మొదటి స్థానంలో ఉంది. దాన్ని దించింది ఏది? అదే ఆల్బమ్‌లోని బిగ్ బోయ్ పాట! 2004లో ఆ ఆల్బమ్‌కే గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది. జనం అవుట్‌కాస్ట్‌కి పట్టం కట్టే సమయానికి ఇద్దరూ ఎవరి గదిలో వాళ్లు పనిచేసుకుంటున్నారు.

తమ్ముడు: కానీ కొట్లాడుకోలేదు కదా?

అక్క: విడిపోతున్నాం అని ప్రకటించనూ లేదు. బిగ్ బోయ్‌కి స్టేజీ కావాలి, ఆంద్రే టూర్లకి దూరమయ్యాడు. 2014లో మళ్లీ కలిసి 40కి పైగా ఫెస్టివల్స్‌లో పాడారు, కొత్త ఆల్బమ్ మాత్రం రాలేదు. 2023లో ఆంద్రే వేణువులతో ఒక ఆల్బమ్ చేశాడు. రాప్ ఒక్క ముక్క లేదు. నాకది కూడా ఇష్టమే.

తమ్ముడు: 2025 నవంబర్‌లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఇద్దరూ వచ్చారు.

అక్క: వచ్చారు. ఆంద్రే పాడలేదు, బిగ్ బోయ్ పాడాడు. మాట్లాడేటప్పుడు ఆంద్రే ఏడ్చేశాడు. చిన్న గదుల్లోనే పెద్ద పనులు మొదలవుతాయి అన్నాడు. నాకైతే ఆ ఎర్రమట్టి బేస్‌మెంటే గుర్తొచ్చింది, తమ్ముడూ.