గీత లేని బొమ్మ ఎవరిదో ఎలా పట్టేది?

హోస్ట్: బొమ్మ చూడగానే ఇది ఫలానావాళ్లదని చెప్పాలంటే మనం ముందు గీతే చూస్తాం కదండీ?

అతిథి: మన కంటికి బాపు గారి గీత అలవాటు. సన్నగా మొదలై, వంపులో లావై, మళ్లీ సన్నబడుతుంది. అందుకే ఫ్రెంచ్ ఇలస్ట్రేటర్ మలికా ఫావ్ర్ బొమ్మ చూపిస్తే చాలామంది "కంప్యూటర్ పనే కదా" అనేస్తారు. ఆమె అంచు గీత మీద ఆధారపడదు. ఒక రంగు ఆగిన చోట ఇంకో రంగు మొదలవుతుంది. నీడ కూడా మరో చదును రంగే.

హోస్ట్: ఒక బొమ్మ తీసుకుని చెప్పండి.

అతిథి: 2017 ఏప్రిల్‌లో అమెరికా పత్రిక న్యూయార్కర్‌కి ఆమె వేసిన ముఖచిత్రం చూడండి. నలుగురు మహిళా సర్జన్లు మాస్కులతో మన మీదికి వంగి చూస్తుంటారు. రోగిని వేయలేదు, ఆ చోటు చూసేవాళ్లకిచ్చింది. ఆ తర్వాత చాలా దేశాల్లో మహిళా సర్జన్లు అలాగే నిలబడి ఫొటోలు దిగారు.

హోస్ట్: ఆ పద్ధతిలో వేద్దామనుకునేవాళ్లకి ఎక్కడ చెడుతుంది?

అతిథి: రంగుల దగ్గరండీ. పక్కపక్కనున్న ఎరుపు, ఆకుపచ్చ ఒకే ముదురులో ఉంటే అంచు తేలదు. నిలబెట్టడానికి గీత లేదు కదా. ఫోన్లో నలుపు తెలుపు చేసి చూడండి. ఆకారం కలిసిపోతే రెండింట్లో ఒకదాన్ని బాగా ముదురు చెయ్యాలి.

హోస్ట్: మరి మధ్యప్రదేశ్ గోండు గిరిజనుల బొమ్మల్లో గీత ఉంటుందిగా?

అతిథి: ఉంటుంది, కానీ చిత్రకారుడి గుర్తు లోపల నింపే నమూనాలో ఉంటుంది. జన్‌గఢ్ సింగ్ శ్యామ్ దారి వేసిన ఈ పర్ధాన్ గోండు చిత్రకళలో చుక్కలు, పొట్టి గీతలు, గొలుసులు, ఇలా ఎవరి నింపుడు వాళ్లదే. భజ్జూ శ్యామ్, దుర్గాబాయి వ్యామ్ వేసిన జంతువుల్ని పక్కపక్కన పెట్టి, పొట్ట భాగం మాత్రం పెద్దది చేసి చూడండి. చెన్నై తారా బుక్స్ పుస్తకాల్లో ఇద్దరి బొమ్మలూ దొరుకుతాయి. ఇంత తేడా కళ్లెదుట ఉండగా అందర్నీ "గోండు ఆర్ట్" అని ఒకే మూట కట్టేయడం అన్యాయం.

హోస్ట్: పేరు లేని బొమ్మ నచ్చితే ఎలా వెతకాలి?

అతిథి: గూగుల్ లెన్స్ ఎక్కువగా బొమ్మలో ఉన్న వస్తువును చూసి పోలికలు తెస్తుంది, వేసిన చేతిని కాదు. బొమ్మ ఇచ్చి వెతికే టిన్‌ఐ అనే సైట్‌లో వెతికి పాతవి ముందు వచ్చేలా వరస మార్చండి. మొదట పెట్టిన చోటుకి దగ్గరగా వెళ్తారు. పింటరెస్ట్‌లో దొరికినదైతే కత్తిరించని కాపీ కోసం చూడండి, సంతకం తరచూ మూలలోనే ఉంటుంది. పత్రికదైతే లోపలి పేజీలో పేరు వేస్తారు.

హోస్ట్: పేరు దొరికాక?

అతిథి: వాళ్ల సొంత సైట్ నుంచి వేర్వేరు ఏళ్ల బొమ్మలు ఓ ఇరవై తీసి, ఒకే స్క్రీన్ మీద చిన్నవిగా పరచండి. ఇన్‌స్టాలో పైన కనిపించే తొమ్మిదితో ఆగొద్దు. అవన్నీ ఒకే క్లయింట్ పని కావచ్చు, అప్పుడు ఆ కంపెనీ రంగుల్నే ఇలస్ట్రేటర్ రంగులనుకుంటాం.