పుట్టుక కథ చెప్పని బ్యాట్‌మ్యాన్

నమస్కారం. 1939లో కామిక్ పుస్తకాల్లో పుట్టి, వెండితెర మీద ఎన్నోసార్లు కొత్త నటులతో మళ్లీ మొదలైన బ్యాట్‌మ్యాన్ కథను 2022లో దర్శకుడు మ్యాట్ రీవ్స్, రాబర్ట్ ప్యాటిన్‌సన్ కథానాయకుడిగా ఇంకోసారి తెరకెక్కించారు. ఆ చిత్రం ‘ది బ్యాట్‌మ్యాన్’. ముగింపు గురించి కూడా మాట్లాడబోతున్నాను కనుక, చూడనివారు ముందు సినిమా చూసి రావడం మంచిది.

చీకటి సందు, తుపాకీ మోత, నేలరాలే ముత్యాలు. బ్యాట్‌మ్యాన్ ముసుగు వెనకున్న బ్రూస్ వేన్ తల్లిదండ్రుల హత్యను 1989, 2005, 2016 చిత్రాల్లో చూసిన ప్రేక్షకులకు ఆ ఘట్టం కంఠతా వచ్చేసింది. రీవ్స్ దాన్ని అసలు చూపించరు. బ్రూస్ ముసుగు వేసుకుని అప్పటికే రెండో ఏడాది నడుస్తుంటుంది. హత్యకు గురైన మేయర్ ఇంట్లో, తండ్రిని పోగొట్టుకుని ఒంటరిగా కూర్చున్న చిన్న కొడుకును బ్యాట్‌మ్యాన్ ఒక్క క్షణం ఆగి చూస్తాడు. ఒక్క మాట కూడా లేకుండానే, చూపించని ఆ పాత హత్య మొత్తం ఆ చూపులో మనకు అందుతుంది. ప్రేక్షకుడి జ్ఞాపకాన్ని నమ్మి కథ చెప్పడమంటే ఇదే.

అంతకుముందు రైల్వే ప్లాట్‌ఫారం మీద జరిగే పోరాటం నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. మనిషి కనబడకముందే చీకట్లోంచి బూట్ల బరువైన చప్పుడు వినిపిస్తుంది. ఆకతాయి మూకను అతడు చితకబాదిన తర్వాత, వాళ్ల బారి నుంచి బయటపడిన మనిషే తనను కొట్టవద్దని అతణ్ణి వేడుకుంటాడు. తన పేరు ప్రతీకారమని చెప్పుకునే వీరుణ్ణి చూసి కాపాడబడినవాడు కూడా వణికిపోతున్నాడంటే, లోపం ఎక్కడుందో దర్శకుడు తొలి అంకంలోనే చెప్పేశారు. చివరికి, మేయర్‌ను చంపిన విలన్ రిడ్లర్ అనుచరుడొకడు పట్టుబడి, తానే ప్రతీకారాన్నని అదే మాట అప్పజెప్పినప్పుడు బ్యాట్‌మ్యాన్ నిలువునా చలించిపోతాడు. ఆ తర్వాత నగరాన్ని ముంచెత్తిన వరదనీటిలో దిగి, ఎర్రటి మంట వెలుగు చేతబట్టి జనాన్ని బయటకు నడిపిస్తాడు. మేయర్ కొడుకు అతడి చేయి అందుకుంటాడు. విలన్ ఓడిపోవడం కంటే వీరుడు మారడమే ఇక్కడ అసలు కథ, కొత్తదనమంతా అందులోనే ఉంది.

గ్రెగ్ ఫ్రేజర్ ఛాయాగ్రహణం, మైకేల్ జకీనో సంగీతం ఆ బరువును చివరిదాకా మోశాయి. పోలీసు అధికారి గోర్డన్‌తో కలిసి ఆధారాలు వెతికే డిటెక్టివ్‌గా బ్యాట్‌మ్యాన్‌ను ఇంత ఓపికగా చూపించిన సినిమా నాకు మరొకటి కనబడలేదు.

అయితే, ముసుగు తీసిన బ్రూస్‌కు దక్కిన సన్నివేశాలు మరీ తక్కువ. అతడిని పెంచిన ఆల్ఫ్రెడ్‌తో ఆసుపత్రిలో జరిగే సంభాషణ అంత బాగా పండినప్పుడు, అలాంటివి ఇంకో రెండు ఉండి ఉంటే బాగుండేది. పైగా, వరద తర్వాత అంత నిండుగా ముగిసిన కథకు, జైలు గదిలో బ్యాట్‌మ్యాన్ కథల్లోని పేరుమోసిన విలన్ జోకర్‌ను పరిచయం చేసే సన్నివేశం అవసరం లేదు. తర్వాతి భాగం కోసం ఊరించే పాత అలవాటు మాత్రమే అక్కడ కనిపిస్తుంది.