సామాను కొలిచి కట్టిన విమానం

శ్రోతలకు నమస్కారం.

వాయుసేన అనగానే మన కళ్లముందు మెదిలేది ఫైటర్ జెట్. రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ ఆకాశంలో దూసుకుపోయేది అదే, మర్నాడు పేపర్లో ఫొటో పడేదీ దానిదే. పిండి బస్తాలు, డీజిల్ పీపాలు, జీపులు, స్ట్రెచర్లు మోసే విమానాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇవాళ చెప్పబోయేది అలాంటి ఒక మోత విమానం కథ. పేరు సి-130 హెర్క్యులిస్. నాలుగు ఇంజిన్లు, నాలుగు ప్రొపెల్లర్లు. మొదటిసారి ఎగిరింది 1954లో. డెబ్బై ఏళ్లు దాటినా ఫ్యాక్టరీ నుంచి కొత్తవి ఇంకా వస్తూనే ఉన్నాయి.

1950లో కొరియా యుద్ధం మొదలైంది. అప్పటికి అమెరికా దగ్గరున్న రవాణా విమానాలు చాలావరకు రెండో ప్రపంచ యుద్ధం నాటివి. పేరున్న డకోటానే తీసుకోండి. నేల మీద నిలబడితే ముక్కు పైకి, తోక కిందికి ఉంటుంది. లోపల నేలంతా ఏటవాలు. తలుపేమో పక్కన. జీపు ఎక్కించాలంటే బల్లలు వేసి, పైకి తోసి, గుమ్మంలో అటూ ఇటూ తిప్పి లోపలికి చేర్చాలి. బయట శత్రువు కాల్పులు జరుపుతుంటే ఈ తతంగమంతా ఎవరు చేస్తారు?

1951 ఫిబ్రవరిలో అమెరికా వాయుసేన విమాన కంపెనీల ముందు తన కోరికల చిట్టా పెట్టింది. 92 మంది సైనికులు పట్టాలి. లేదంటే పారాచూట్లతో దూకేవాళ్లు 64 మంది పట్టాలి. తారు రోడ్డు కూడా లేని మట్టినేల మీద దిగాలి, అక్కడి నుంచే లేవాలి. ఒక ఇంజిన్ ఆగిపోయినా ఎగరాలి.

లాక్‌హీడ్ కంపెనీలో విల్లిస్ హాకిన్స్ బృందం ఈ పనికి పూనుకుంది. నాకు నచ్చిన సంగతేమిటంటే, వాళ్లు ముందు మోయాల్సిన సామాను కొలుచుకున్నారు, ఆ తర్వాతే దాని చుట్టూ విమానం గీశారు. లోపలి గది సుమారు 40 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు. నేల పూర్తిగా చదును, అదీ లారీ తొట్టి ఎత్తులోనే. లారీ వెనక్కి వచ్చి ఆనుకుంటే సామాను నేరుగా లోపలికి జరిపేయొచ్చు. తోక కింద ర్యాంపు దింపితే జీపు తనంతట తానే ఎక్కుతుంది. రెక్కను వీపు మీద పెట్టారు కాబట్టి ప్రొపెల్లర్లకు రాళ్లూ దుమ్మూ అంతగా తగలవు. చక్రాలను పొట్టకు రెండు వైపులా ఉబ్బెత్తు అరల్లో దాచారు, దాంతో లోపల అంగుళం జాగా కూడా పోలేదు.

చూడ్డానికి మాత్రం అందగత్తె కాదు. అదే కంపెనీలో కెల్లీ జాన్సన్ అనే మహా ఇంజినీరు ఉండేవాడు, సన్నటి వేగవంతమైన విమానాలు గీయడంలో దిట్ట. ఈ బొద్దు విమానాన్ని చూసి, ఇది కంపెనీని ముంచేస్తుందని పెద్దలను హెచ్చరించాడు. కంపెనీ మునగలేదు సరికదా, ఇప్పటిదాకా రెండున్నర వేలకు పైగా హెర్క్యులిస్‌లు తయారయ్యాయి.

జెట్ యుగం మొదలయ్యాక ప్రొపెల్లర్ ఎందుకు పెట్టారని మీకు అనుమానం రావచ్చు. నిజానికి లోపల ఉన్నది జెట్ లాంటి టర్బైనే. అది నిమిషానికి 13,820 సార్లు తిరుగుతుంది. గేర్లు ఆ వేగాన్ని తగ్గించి ప్రొపెల్లర్‌ను నిమిషానికి వెయ్యి చుట్లకు కాస్త పైగా తిప్పుతాయి. గాల్లో ఉన్నంతసేపూ ఈ వేగం దాదాపు మారదు, మారేది ప్రొపెల్లర్ రెక్కల వాలు. ఇంట్లో ఫ్యాను రెగ్యులేటర్ ముట్టుకోకుండా రెక్కలనే కాస్త ఎక్కువ వంచి గాలి పెంచుకున్నట్టు అన్నమాట. పైలట్ లివర్ ముందుకు తోయగానే రెక్కల వాలు మారి విమానం ఊపందుకుంటుంది. ఆ రోజుల్లో జెట్ ఇంజిన్ వేగం పుంజుకోవడానికి కొన్ని సెకన్లు పట్టేది. పొట్టి రన్‌వే మీద ఆ సెకన్లే ప్రాణం. చక్రాలు నేలకు తాకాక రెక్కలను ఎదురు వాలుకు తిప్పితే అవి గాలిని ముందుకు నెడతాయి, విమానం తొందరగా ఆగుతుంది. అవసరమైతే ఇదే పద్ధతిలో వెనక్కి కూడా నడుస్తుంది.

1963లో అమెరికా నౌకాదళానికి ఒక వింత ఆలోచన వచ్చింది. నడిసముద్రంలో ఉన్న విమానవాహక నౌకకు బరువైన సామాను చేర్చాలి, ఈ విమానాన్నే నౌక మీద దింపితే పోలా? ఫారెస్టల్ అనే నౌకను ఎంచుకున్నారు. విమానం రెక్కలు ఆ కొస నుంచి ఈ కొసకు 132 అడుగులు. దిగేటప్పుడు నౌక మీది టవర్‌కూ రెక్క కొసకూ మధ్య మిగిలేది 15 అడుగుల లోపే. నౌక మీద దిగే విమానాలకు తీగను పట్టుకునే కొక్కెం ఉంటుంది, దీనికి అదీ లేదు. లెఫ్టినెంట్ జేమ్స్ ఫ్లాట్లీ 21 సార్లు దింపి ఆపాడు, 21 సార్లు ఏ సాయమూ లేకుండా లేపాడు. విమానం ముక్కు పక్కన "చూడమ్మా, హుక్కు లేదు" అని ఇంగ్లీషులో సరదాగా రాసుకున్నారు కూడా. ఇన్ని చేసినా, రోజువారీ పనికి ఇంత ప్రమాదం వద్దని చివరికి ఆ ఆలోచన మానుకున్నారు. మంచి పని చేశారు.

ఈ విమానం చరిత్రలో నన్ను అన్నిటికంటే కదిలించేది సైగాన్ ఘట్టం. 1975 ఏప్రిల్ 29. దక్షిణ వియత్నాం రాజధాని ఉత్తర వియత్నాం సేనలకు చేజారిపోతోంది, విమానాశ్రయం మీద గుండ్లు పడుతున్నాయి. దక్షిణ వియత్నాం వాయుసేనకు చెందిన ఒక హెర్క్యులిస్ బయలుదేరబోతోంది. జనం ఎగబడ్డారు. వెనక ర్యాంపు మూయడానికి వీల్లేనంతగా కిక్కిరిశారు. పైలట్ విమానాన్ని కాస్త ముందుకు పోనిచ్చి ఒక్కసారిగా బ్రేకు కొట్టాడు. లోపలి జనమంతా ముందుకు తూలారు, వెనక దొరికిన ఆ జానెడు జాగాలో తలుపు మూశారు. రన్‌వే చివరిదాకా పరుగెత్తి ఎలాగో లేచింది. మూడున్నర గంటల తర్వాత థాయ్‌లాండ్‌లో దిగాక లెక్కపెడితే 452 మంది. కాక్‌పిట్‌లోనే 32 మంది నిలబడి ఉన్నారు. 92 మంది కోసం గీసిన విమానం అది.

మరుసటి ఏడాది, 1976 జులైలో, ఇజ్రాయెల్ కమాండోలు నాలుగు హెర్క్యులిస్‌లలో ఉగాండాలోని ఎంటెబ్బేకు వెళ్లి, హైజాక్ అయిన విమానంలోని బందీలను విడిపించుకొచ్చారు. ఆ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

ఇక మన సంగతి. 1965 యుద్ధంలో హెర్క్యులిస్ మన మీదికే వచ్చింది. సెప్టెంబరు 6 రాత్రి పాకిస్తాన్ వాళ్లు ఈ విమానాల్లోనే కమాండోలను తెచ్చి పఠాన్‌కోట్, ఆదంపూర్, హల్వారా వైమానిక స్థావరాల దగ్గర దింపారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పట్టుబడ్డారు. అప్పట్లో మన దగ్గర ఉన్నవి సోవియట్ ఏఎన్-12లు. అవీ నాలుగు ప్రొపెల్లర్లవే, పోలికలూ ఇంచుమించు ఇవే.

2011 ఫిబ్రవరిలో ఘజియాబాద్ దగ్గరి హిండన్ స్థావరంలో సి-130జె మన వాయుసేనలో చేరింది. ఇది కొత్త తరం విమానం, ఒక్కో ప్రొపెల్లర్‌కు ఆరు రెక్కలు. 2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదలప్పుడు హెలికాప్టర్లకు ఇంధనం అందక ఇబ్బంది అయింది. అప్పుడు ఇది ధరాసులోని చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో దిగి, తన ట్యాంకుల్లోంచే ఇంధనం తోడి ఇచ్చింది. రెండు నెలలకే, ఆగస్టు 20న, లడఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది. ఆ చోటు 16,614 అడుగుల ఎత్తు. అక్కడ గాలి పల్చన కాబట్టి ఇంజిన్‌కు బలం తగ్గుతుంది, లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. దెబ్బలూ తగిలాయి. 2014 మార్చిలో గ్వాలియర్ దగ్గర ఒక విమానం కూలి, అందులోని ఐదుగురూ చనిపోయారు. 2023 ఏప్రిల్‌లో సూడాన్ నుంచి మనవాళ్లను తెచ్చిన రాత్రి, వాదీ సయ్యిద్నా అనే చోట రన్‌వేకు సరైన దీపాలే లేవు. పైలట్లు రాత్రిపూట చూపునిచ్చే కళ్లద్దాలతో దింపి, 121 మందిని ఎక్కించుకుని వచ్చారు.

హైదరాబాద్ శివార్లలో ఆదిభట్ల ఉంది కదా, ఈ విమానం తోక తయారయ్యేది అక్కడే. నిలువుగా నిలబడే రెక్క, దాని కింద అటూ ఇటూ చాచుకునే అడ్డరెక్కలు, మొత్తం తోక భాగాన్ని టాటా, లాక్‌హీడ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో కట్టి అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి పంపుతారు. మిగతా విమానంతో కలిపి బిగించేది అక్కడి మారియెట్టా ఊళ్లో.

మన వాయుసేన తన పాత ఏఎన్-32ల స్థానంలో కొత్త రవాణా విమానాలు కొనాలని కొన్నేళ్లుగా చూస్తోంది. ఆ పోటీకి సి-130జె కూడా సిద్ధమైంది. ఎదురుగా నిలిచిన బ్రెజిల్ విమానం సి-390 జెట్ ఇంజిన్లది, వేగంలో దానిదే పైచేయి. కొండల మధ్య పొట్టి రన్‌వేల విషయానికొస్తే నా మొగ్గు మాత్రం ప్రొపెల్లర్ వైపే. సెలవు, నమస్కారం.