చీట్ డే పనిచేస్తుందా? ఏడు రోజుల లెక్కను షీట్‌లో వేసి చూద్దాం

అందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఆరు రోజులు కడుపు కట్టుకుని ఏడవ రోజు మనసుకు నచ్చినంత తినే పద్ధతి, అంటే వారానికొక చీట్ డే పెట్టుకునే పద్ధతి, నిజంగా బరువు తగ్గిస్తుందా లేదా అని మా ఇంట్లో నాకూ మా బావగారికీ దాదాపు ఏడాదిగా వాదన నడుస్తోంది. తగ్గిస్తుందని ఆయన అంటారు, తగ్గించదని నేను అంటాను. మాటలతో తేలలేదు కాబట్టి చివరకు ఇద్దరమూ ఒకే గూగుల్ షీట్‌లో లెక్క రాశాము. ఈ వీడియోలో ఆ షీట్‌ను మొదటి నుంచి ఎలా తయారు చేసుకోవాలో చూపిస్తాను, మా వాదన ఏ గడిలో తేలిందో అదీ చూపిస్తాను.

ముందుగా కొత్త షీట్ తెరవండి. మొదటి నిలువు వరుసకు తేదీ, రెండవదానికి క్యాలరీలు, మూడవదానికి బరువు అని పేర్లు పెట్టండి. ఇదిగో, ఇలా. సోమవారం రెండవ వరుసలో వస్తుంది, ఆదివారం ఎనిమిదవ వరుసలో వస్తుంది. తేదీని రోజూ టైపు చేయనవసరం లేదు. కంప్యూటర్‌లో అయితే కంట్రోల్ పట్టుకుని సెమీకోలన్ నొక్కితే ఆనాటి తేదీ దానంతట అదే పడుతుంది. ఇంతకుమించి రంగులూ గ్రాఫులూ యాప్‌లూ నాకు అవసరమనిపించలేదు. మూడు యాప్‌లు వేసి చూశాను. మూడింటిలోనూ చోడి (రాగి) అంబలిని వెతికి పట్టుకునేలోపు అంబలి తాగడమే పూర్తయ్యేది.

తరువాత, ఉన్న బరువు ఉన్నట్టే నిలవడానికి రోజుకు ఎన్ని క్యాలరీలు కావాలో వేసుకోవాలి. దీనికి 1990లో వెలువడిన మిఫ్లిన్–సెయింట్ జ్యోర్ సూత్రాన్ని వాడుతున్నాను. బరువును పదితో, ఎత్తును 6.25తో హెచ్చించి కలపాలి, అందులోంచి వయసుకు అయిదు రెట్లు తీసివేయాలి, మగవారైతే చివర 5 కలపాలి, ఆడవారైతే 161 తీసివేయాలి. నాకు 41 ఏళ్లు, 168 సెంటీమీటర్లు, మొదలుపెట్టిన రోజున 78 కిలోలు, కాబట్టి 1,630 వచ్చింది. కూర్చుని చేసే ఉద్యోగమూ సాయంత్రం కాస్త నడకా ఉన్నవాడిని గనుక దాన్ని 1.375తో హెచ్చిస్తే దాదాపు 2,240. ఇది అంచనాయే తప్ప శాసనం కాదు, అయినా మొదలుపెట్టడానికి చాలు.

ఇక తిన్నది తూచడం. కాటా మీద ఖాళీ గిన్నె పెట్టి టేర్ బటన్ నొక్కితే సున్నా చూపిస్తుంది, ఆ తరువాత వడ్డించుకోండి. బియ్యమైతే బియ్యంగా ఉన్నప్పుడు తూచారో అన్నమయ్యాక తూచారో రాసుకోండి, ఎందుకంటే 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 క్యాలరీలు ఉంటే 100 గ్రాముల అన్నంలో 130 మాత్రమే ఉంటాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలను వాడేవారు, అందులో శక్తి కిలోజౌళ్లలో ఉందన్న సంగతి చూసుకుని 4.184తో భాగించండి. నూనె దగ్గర మాత్రం గరిటెల లెక్క వద్దు. నూనె గ్రాముకు 9 క్యాలరీలు, కాబట్టి గరిటెలో చూపు తప్పితే వందల్లో తప్పుతుంది. వంటకు ముందు సీసాను తూచండి, వంటయ్యాక మళ్లీ తూచండి, తేడాను తినేవారి సంఖ్యతో భాగించండి. ఈరోజు ఆదివారం, ఇంట్లో వేటమాంసం వండుతున్నారు. ఇదిగో సీసా, 812 గ్రాములు. వంట పూర్తయ్యాక మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

ఇప్పుడు మూడవ నిలువు వరుస, అంటే బరువు. దయచేసి ఇక్కడ కాస్త ఆగండి, నేను రెండు నెలలు దెబ్బతిన్నది ఇక్కడే. ఆదివారం తినేవాడిని, సోమవారం ఉదయం కాటా ఎక్కేవాడిని, శనివారం కంటే ఒకటిన్నర కిలో ఎక్కువ కనిపించేది. అంతా పోయిందనుకుని సోమవారం మధ్యాహ్నం భోజనం మానేసేవాడిని, మంగళవారం అంబలితో సరిపెట్టేవాడిని, గురువారానికి తల తిరిగేది, శనివారానికి ఆదివారం తప్ప మరో ధ్యాస ఉండేది కాదు. ఆ ఒకటిన్నర కిలో కొవ్వు కాదు. మనం తిన్న పిండిపదార్థం కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆరు రోజులు మాడిన శరీరం ఆదివారం 400 గ్రాముల గ్లైకోజెన్ నింపుకుంటే, నీటితో కలిపి 1,600 గ్రాములు కాటా మీద కనబడతాయి, అప్పడాల ఉప్పు పట్టి ఉంచే నీరు దీనికి అదనం. కిలో కొవ్వు చేరాలంటే సుమారు 7,700 క్యాలరీలు అధికంగా తినాలి. ఒక్క ఆదివారంలో అంత తినడం నావల్ల కూడా కాలేదు.

అందుకే ఏ ఒక్క రోజు బరువునూ పట్టించుకోకుండా వారం సగటును చూడాలి. ఈ గడిలో ఈక్వల్ టు, ఏవరేజ్, బ్రాకెట్‌లో సీ రెండు నుంచి సీ ఎనిమిది వరకు. ఎంటర్. మళ్లీ చెబుతున్నాను, ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చాలి, సోమవారాన్ని శనివారంతో పోల్చకూడదు. ఇంకొక మాట. బరువు చూసుకోని రోజున గడిని ఖాళీగా వదిలేయండి, అందులో సున్నా మాత్రం వేయకండి. ఖాళీ గడిని ఏవరేజ్ లెక్కలోకి తీసుకోదు, సున్నాను తీసుకుంటుంది. నేను ఒక గురువారం ఊళ్లో లేక సున్నా వేశాను, వారం సగటు 66.9 అని వచ్చింది. పదకొండు కిలోలు తగ్గానని ఆ ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగి చూపించాను. మా బావగారు ఆ గడిని నొక్కి, సున్నాను చెరిపి, ఏమీ అనకుండా ఫోన్ నా చేతికి ఇచ్చారు. ఆయన ఏదైనా అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు వారం మొత్తం. రెండవ నిలువు వరుసను కూడితే వారంలో తిన్నది వస్తుంది. 2,240ని ఏడుతో హెచ్చిస్తే వచ్చే 15,680లోంచి దాన్ని తీసివేసి, 7,700తో భాగిస్తే వారానికి ఎన్ని కిలోలు తగ్గవచ్చో అంచనా వస్తుంది. ఇది నా షీట్. ఆరు రోజులు 1,400 చొప్పున 8,400. ఆదివారం ఉదయం పూరీ, ఘుగుని అనే బఠాణీ కూర, మధ్యాహ్నం వేటమాంసంతో పులావు, సాయంత్రం విరిగిన పాలతో చేసే మిఠాయి ఛెనాపోడ, రాత్రి బిర్యానీ, వెరసి 4,800. మొత్తం 13,200, లోటు 2,480, అంటే వారానికి 320 గ్రాములు తగ్గాలి. కానీ సగటు అంతగా కదలలేదు. ఎందుకో పైనున్న గడుల్లో చూడండి. శనివారం 1,400 ఉండవలసిన చోట 2,300 ఉంది, ఎందుకంటే నా ఆదివారం శనివారం రాత్రే మొదలయ్యేది. సోమవారం 2,200 ఉంది, ఎందుకంటే మిగిలిన కూరను పారేయడం మా ఇంట్లో పాపం. పొద్దున్నే దానితో కడుపు నిండా తిని, ఆ తరువాతే కాటాకు భయపడి మధ్యాహ్నం మానేసేవాడిని. ఈ రెండూ కలిపితే లోటు 780కి దిగింది, అంటే వారానికి 100 గ్రాములు. ఆరు రోజుల యాతనకు దక్కింది ఇంతే.

ఇది మా బావగారి షీట్. వయసూ కొలతలూ ఇంచుమించు నావే కనుక అదే 2,240ని పెట్టాము. ఆయన ఆరు రోజులు 1,750 చొప్పున తిన్నారు, ఆదివారం 2,900 తిన్నారు. మొత్తం 13,400, లోటు 2,280, అంటే వారానికి దాదాపు 300 గ్రాములు. మంగళవారం నుంచి శుక్రవారం వరకు రోజూ నాకంటే 350 ఎక్కువ తిన్న మనిషి నాకు మూడింతలు తగ్గారు. చీట్ డే పనిచేస్తుందని ఆయన అన్నది ఆయన విషయంలో నిజమేనని నేను ఈ గడి దగ్గరే ఒప్పుకున్నాను. అయితే దాన్ని చీట్ డే అనవచ్చా అన్నది నా ప్రశ్న. ఆయన ఆదివారం ఒక పూట బాగా తిని, మిగిలిన పూటలు మామూలుగా తింటారు.

నాలాంటివారు ఎందుకు ఆగలేరన్నది పాత సంగతే. 1975లో హెర్మన్, మాక్ అనే పరిశోధకులు విద్యార్థినులకు మిల్క్‌షేక్ ఇచ్చి, ఆపైన ఐస్‌క్రీమ్‌ను రుచి చూడమన్నారు. మామూలుగా తినేవారు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించారు, తిండిని కట్టడి చేసుకునేవారు మాత్రం తాగాకే ఎక్కువ తిన్నారు. నిండా మునిగినవాడికి చలేమిటి అన్నట్టు, నియమం ఒకసారి తప్పింది గనుక ఇక ఎంతైతేనేం అనిపిస్తుందన్నమాట. 1944, 45 సంవత్సరాల్లో ఆన్సెల్ కీస్ మినెసోటాలో 36 మంది యువకులకు ఆరు నెలల పాటు అర్ధాకలి పెట్టినప్పుడు, ఆంక్షలు ఎత్తేశాక కూడా కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు. ఆదివారం నాడు అదుపు లేకపోవడం ఆదివారం తప్పు కాదు, ముందున్న ఆరు రోజుల తప్పని నాకు అందుకే అనిపిస్తుంది.

చీట్ డే వల్ల ఆకలిని అణిచే లెప్టిన్ అనే హార్మోన్ పెరిగి శరీరం ఎక్కువ ఖర్చు చేస్తుందన్న వాదన కూడా మా బావగారు తెచ్చారు. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో మూడు రోజులు పిండిపదార్థాలు అధికంగా తినిపిస్తే లెప్టిన్ 28 శాతం, శక్తి ఖర్చు 7 శాతం పెరిగిన మాట నిజమే. 2,240లో 7 శాతం అంటే 157. నా ఆదివారం అవసరానికి మించి తిన్నది 2,560. మా ఇద్దరిలో ఆయనకే మద్దతిచ్చే అధ్యయనం వేరొకటి ఉంది. ఆస్ట్రేలియాలో చేసి 2017లో ప్రచురించిన మాటడోర్ అనే అధ్యయనంలో, రెండు వారాల పథ్యానికి రెండు వారాల విరామం చొప్పున ఇచ్చిన స్థూలకాయులు సుమారు 14 కిలోలు తగ్గితే, విరామం లేకుండా 16 వారాలు పథ్యం చేసినవారు సుమారు 9 కిలోలు తగ్గారు. అయితే ఆ విరామంలో వారు శరీరానికి సరిపడా తిన్నారు తప్ప, నాలా రెండింతలు తినలేదు.

కార్తీకమంతా నియమంగా ఉండి, పున్నమి మరునాడు ఛాడఖాయి పేరుతో మాంసం తినే ఆచారం మన చుట్టూ ఉన్నదే కదా, అది చీట్ డే కాదా అని కొందరు అడుగుతారు. మా ఒడియా పొరుగింటివారి కార్తీక నియమపు భోజనమైన హవిష్యాన్నాన్ని దగ్గరగా చూశాను. పచ్చిబియ్యపు అన్నం, పెసరపప్పు, నెయ్యి, దుంపలు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, చేప లేదు. కడుపుకు మాత్రం లోటు లేదు. వారు రకాన్ని మానుకున్నారు, నేను పరిమాణాన్ని కోసుకున్నాను. వారి ఛాడఖాయి మరునాటికి మామూలుగా ముగిసేది, నా ఆదివారం సోమవారంలోకి పాకేది.

ఇన్సులిన్ గానీ చక్కెర వ్యాధి మాత్రలు గానీ వాడేవారు, గర్భిణులు, ఒకసారి మొదలుపెడితే ఆపుకోలేని తిండి సమస్య ఉన్నవారు వైద్యుల సలహా లేకుండా ఈ షీట్ జోలికి రాకండి.

నేను ఇప్పుడు రోజుకు 1,800 పెట్టుకున్నాను, ఆదివారం మధ్యాహ్నం ఒక్క పూట మాత్రమే ఇష్టంగా తింటున్నాను, కూర ఆ పూటకు సరిపడా వండుతున్నాము. వంట పూర్తయింది. ఇదిగో సీసా, 768. తేడా 44 గ్రాములు, క్యాలరీల్లో 396, తినేది నలుగురం, తలకు 99. ఎనిమిదవ వరుసలో నూనె పద్దు కింద 99 వేస్తున్నాను. మాంసాన్ని ఇంకా తూచాలి, ఖాళీ గిన్నె ఎక్కడుందో చూసి వస్తాను.