బర్రె నోట్లో చెయ్యి పెట్టిన బావ, రేబిస్ వైరస్ వంశం

నమస్తే. ఇవాళ్టి ముచ్చట దేవరకొండ దగ్గర మా అక్క వాళ్ల ఊరిది. పోయిన నెల వాళ్ల బర్రె మేత మానేసింది. నోటి నుంచి ఒకటే సొంగ. అరుపు కూడా మారిపోయింది. గొంతులో ఏదో ఇరుక్కుందనుకుని మా బావ మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. ఏమీ దొరకలేదు. మర్నాడు వెనక కాళ్లు పడిపోయాయి, ఇంకో రెండు రోజులకు బర్రె చచ్చిపోయింది. పశువుల డాక్టర్ వచ్చి ముందు అడిగిన మాట, "ఈ మధ్య కుక్క గాని కరిచిందా?" అప్పుడు గుర్తొచ్చింది, నెలన్నర కింద పిచ్చి లేసిన కుక్క ఒకటి దొడ్లోకి జొరబడిందని.

మీ పశువు ఇట్లా సొంగ కారుస్తూ మింగలేకపోతుంటే, దయచేసి నోట్లో చెయ్యి పెట్టకండి. ఇది రేబిస్, పిచ్చికుక్క జబ్బు కావచ్చు. ఆ వైరస్ ఉండేది ఆ సొంగలోనే. వేలి మీద చిన్న గీరుడు ఉన్నా చాలు. బావ ఇప్పుడు టీకాలు వేయించుకుంటున్నాడు. ఆ ఇంటి పాలు తాగిన వాళ్లందరికీ టెన్షన్. మరిగించిన పాలతో భయం లేదు, పచ్చిపాలు తాగిన వాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగండి.

ఈ గోలలోనే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగింది. ఇది 'బర్రె రేబిస్' అట, కొత్త రకమట, కుక్కకాటు టీకా దీనికి పనిచేయదట. చదివితే ఒళ్లు మండింది. బావ రెండో సూదికి పోనని కూర్చున్నాడు మరి.

రేబిస్ వైరస్‌లో ఉండేది ఒక్క ఆర్‌ఎన్‌ఏ పోగు, అంటే దాని జన్యు రాత. దాదాపు 12,000 అక్షరాలు, అయిదే జన్యువులు. ల్యాబ్‌లో ఆ అక్షరాలు చదివి పక్కపక్కన పెడితే ఏది ఎవరి సంతానమో బయటపడుతుంది. మన దేశంలో పశువుల నుంచి, మనుషుల నుంచి తీసిన వైరస్‌లను అట్లా పోలిస్తే అవి పోయి కుక్కల వైరస్‌ల గుంపులోనే పడుతున్నాయి. బర్రె ఇంకో బర్రెను కరవదు కదా, వైరస్ దారి అక్కడితో సరి.

రకాలే లేవా అంటే, ఉన్నాయి. కాపీ అయ్యేటప్పుడు పడ్డ తప్పులు దిద్దుకోవడం ఈ వైరస్‌కు రాదు. ఆ తప్పులు పోగుపడి కొమ్మలుగా చీలుతుంది. మన దేశంలో ఎక్కువగా దొరికే కొమ్మ పేరు ఆర్కిటిక్ లైక్. నల్లగొండ ఎండకూ ఆర్కిటిక్‌కూ ఏం సంబంధం అంటారా? మంచు ప్రాంతాల నక్కల్లో తిరిగే వైరస్‌కు ఇది చుట్టం, అంతే. ఇంకో కొమ్మ దక్షిణ భారతంలో, శ్రీలంకలో కనిపిస్తుంది. కుక్కల రేబిస్ చెట్టులో చాలా ముందే విడిపోయిన కొమ్మ అది.

వైరస్ ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకు ఇల్లు మారిన సందర్భాలూ ఉన్నాయి. 2001లో అమెరికాలో, అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర గబ్బిలాల రేబిస్ స్కంక్‌లు అనే చిన్న అడవి జంతువుల్లోకి దూకి, వాటి మధ్యే పాకింది. నమీబియాలో కుడూ అనే పెద్ద జింకజాతి జంతువుల్లో కాటు లేకుండానే వ్యాపించిందని పరిశోధకులు చెబుతారు. అందుకే అక్షరాలు చదువుతూ ఉండాలి.

మరి ఇన్ని తప్పులు పడుతున్నా టీకా ఎట్లా పనిచేస్తోంది? నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే. ఈ వైరస్ కండలో బతకాలి, నరం పట్టుకుని మెదడుకు ఎక్కాలి, మళ్లీ లాలాజల గ్రంథుల్లోకి దిగాలి. ఎక్కడ మెలిక పడ్డా కథ ముగిసినట్టే. అందుకే దాని ప్రోటీన్లను మార్చేసే తప్పుల్లో చాలావరకు నిలబడవు. టీకా గురిపెట్టే పైపొర ప్రోటీన్‌లో తేడాలున్నా, టీకాను తప్పించుకునేంత లేవు. 1885లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాశ్చర్ వాడిన వైరస్ సంతతి నుంచి వచ్చిన టీకాలు ఈ కొమ్మలన్నిటి మీదా పనిచేస్తున్నాయి. ఆఫ్రికాలోని మొకోలా లాంటి దూరపు చుట్టాలకు ఈ టీకా చాలదు, నిజమే. కానీ అది వేరే వైరస్.

బావకు ఇదంతా ఫోన్‌లో చెప్పాను. ఆయన అసలు భయం వేరే: బొడ్డు చుట్టూ 14 సూదులు! గొర్రె మెదడుతో చేసే ఆ పాత టీకా ఆగిపోయి 20 ఏళ్లయింది, ఇప్పుడు చేతికే వేస్తారని చెబితే కదిలాడు.

ఆ కుక్క సంగతి అడిగాను. కొట్టి చంపి చెరువు కట్ట కింద పాతిపెట్టారట. అది ఏ కొమ్మదో చదవడానికి ఇక శాంపిల్ లేదు. బావకు 28వ రోజు సూది ఇంకా ఉంది, తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టమని అక్కకు చెప్పాను.