వంటింట్లో ఉంచుకోవాల్సిన పుస్తకాలు

అందరికీ నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాలంటే కథల మీదో కవిత్వం మీదో మాట్లాడటం అలవాటు. నేను మాత్రం ఈరోజు వంట పుస్తకాల గురించి మాట్లాడదామని వచ్చాను. 1904 నుంచి గ్రంథాలయం ఉన్న ఊరు మన హనుమకొండ. ఇక్కడ వంట పుస్తకానికి కూడా నవల పక్కన చోటు దొరకాలని నా కోరిక.

అసలు ఓరుగల్లు తిండి తెలుగు సాహిత్యంలోకి ఎప్పుడో ఎక్కింది. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలో ఇద్దరు మిత్రులు ఈ ఊరి వీధులన్నీ తిరుగుతారు. అందులో పూటకూళ్ళ ఇంటి భోజనం మీద ఒక పద్యం ఉంది. ఒక్క రూకకు కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు (అన్నంలో నంజుకునేవి), గడ్డపెరుగు. చదువుతుంటేనే ఆకలేస్తుంది. ఆ నంజుళ్ళు ఏవో, ఎలా చేశారో మాత్రం మనకు తెలియదు. అది కవి పని కూడా కాదు లెండి.

ఆ పని తెలుగులో మనసు పెట్టి చేసినావిడ మాలతీ చందూర్. హృదయనేత్రి నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న రచయిత్రి ఆమె. ‘వంటలు-పిండివంటలు’ అనే పుస్తకం కూడా ఆమెదే. ఎన్నోసార్లు అచ్చయింది. కొత్తగా కాపురం పెట్టినవాళ్ళకు ఒక్క తెలుగు పుస్తకమే కొనిపెట్టాలంటే నేను దాన్నే కొంటాను. పాత ప్రతి దొరికితే ఇంకా సంతోషం.

పాత పుస్తకాలతో ఒక చిక్కుంది. కొలతలు. గిద్దె, సోల, తవ్వ, తులం అంటే ఇప్పటి పిల్లలకు టెన్షన్. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ అని అట్ట లోపలివైపు రాసిపెట్టుకుంటే సగం భయం పోతుంది. తులం దగ్గర జాగ్రత్త. బంగారం దుకాణంలో ఇప్పుడు తులమంటే పది గ్రాములు, పాత తూకంలో పదకొండున్నర గ్రాముల పైనే. కూరకు ఆ తేడా తెలియదు గానీ, పచ్చడి జాడీకి ఉప్పు వేసేటప్పుడు తెలుస్తుంది.

కారం సంగతి మరీ ముఖ్యం. మాలతి గారు పుట్టింది నూజివీడులో. అటువైపు వాళ్ళు రాసిన ‘రెండు చెంచాల కారం’ మన ఇంట్లో రెండు చెంచాలు కాకపోవచ్చు. మన చపాటా మిరపకు 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కదా, దాని గొప్పంతా రంగులో ఉంది, మంట తక్కువ. అదే ఎనుమాముల మార్కెట్ యార్డుకొచ్చే తేజ రకమైతే నాలుక మండిపోతుంది. రెండూ ఎర్రగానే ఉంటాయి. కాబట్టి మీ డబ్బాలో ఉన్నది ఏ కాయ కారమో తెలుసుకొని, పుస్తకంలో ఆ అంకె పక్కన పెన్సిల్‌తో మీ అంకె వేసుకోండి. పుస్తకం పాడవుతుందని మొహమాటపడకండి. నూనె మరకలు, పెన్సిల్ రాతలు లేని వంట పుస్తకం వాడని పుస్తకమే.

రెండో పుస్తకం తమిళనాడుది. ఎస్. మీనాక్షి అమ్మాళ్ తమిళంలో రాసిన ‘సమైత్తు పార్’, 1951లో వచ్చింది. ఇంగ్లీషులోనూ దొరుకుతుంది. సాంబారు ఎప్పుడూ పెట్టని మనిషి కూడా పెట్టగలిగేలా మెట్టు మెట్టుగా చెబుతుంది. అన్నీ శాకాహారం వంటలే.

ఇంగ్లీషు చదివేవాళ్ళుంటే క్రిష్ అశోక్ ‘మసాలా ల్యాబ్’, 2020 నాటిది, తప్పకుండా చూడండి. వంటల జాబితా కోసం కొనొద్దు, కారణాల కోసం కొనండి. పప్పు ఉడకకముందే చింతపండు రసం పోస్తే ఎందుకు గట్టిగానే ఉండిపోతుంది? పులుపు పప్పుగింజ గోడలను మెత్తబడనివ్వదు. మన అమ్మలు కారణం తెలియకపోయినా పులుసు చివర్లోనే పోశారు. కారణం తెలిస్తే, కొత్త వంటలో కూడా ఎప్పుడు ఏం పోయాలో మీరే చెప్పగలుగుతారు.

మరి మన తెలంగాణ వంటల సంగతి? బిల్కీస్ లతీఫ్ ఇంగ్లీషులో రాసిన ఆంధ్ర వంటల పుస్తకంలో హైదరాబాదీ వంటలతో పాటు తెలంగాణవీ ఉన్నాయి. ఉన్నందుకు సంతోషమే. కానీ నా మనసులో ఉన్న పుస్తకం అది కాదు. పచ్చిపులుసు, మక్క గారెలు, మలీద ముద్దలు, సత్తుపిండి, ఇవన్నీ ముందు వరుసలో ఉండాలి, చివర్లో నాలుగు పేజీలుగా కాదు.

సర్వపిండినే తీసుకోండి. బియ్యప్పిండి, నానిన శెనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ అని ఎవరైనా రాస్తారు. గిన్నెకు ఎంత పలుచగా అద్దాలి, వేలితో పొడిచిన చిల్లుల్లో నూనె ఎలా వేయాలి, మూత పెట్టి ఎంత సన్నని సెగ మీద ఉంచాలి, అవి రాయాలి. ఒకటి అయ్యాక వేడి గిన్నెకు పిండి అద్దలేం. గిన్నె వెనక నీళ్ళు పోసి చల్లార్చాలి, లేదంటే రెండో గిన్నె ఉండాలి. ఇది రాయని పుస్తకం చూసి వండిన అమ్మాయి చెయ్యి కాల్చుకుంటుంది.

సంక్రాంతికి ఇంకా రెండు నెలలుంది. ఈసారి సకినాలు చుట్టే రోజు అమ్మ పక్కనో అత్తమ్మ పక్కనో నోటుబుక్కు పెట్టుకొని కూర్చోండి. ‘ఎంత వేస్తావు’ అని అడిగితే ‘చూసి వేయాలె బిడ్డా’ అంటారు. అడగొద్దు. పిండి గిన్నెను ముందు తూచి పెట్టుకోండి. ఆమె పిడికిట్లోకి తీసిన ఉప్పును, వామును, నువ్వులను ఒక్క నిమిషం మీ చెంచాలోకి వేయించుకొని కొలిచి, మళ్ళీ ఇచ్చేయండి. బియ్యం కొత్తవా పాతవా, ఎంతసేపు నానాయి, పట్టించిన పిండి ఎంత తడిగా ఉంది, చుట్టేటప్పుడు తెగితే ఆమె ఏం చేసింది, బట్ట మీద ఎంతసేపు ఆరనిచ్చి నూనెలో వేసింది, ఇవన్నీ రాయండి. పైన ఆమె పేరు, ఊరు పేరు, తేదీ వేయండి. ఆ కాగితాలు తెస్తే ఒక్కచోట చేర్చి కుట్టే బాధ్యత నాది.