తవ్వి తెచ్చిన తీగ

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఆదివారం పొద్దున్నే కుండీలకు నీళ్లు పోసి హడావిడిగా బయల్దేరి వచ్చిన మిద్దెతోట మిత్రులందరికీ వందనాలు. ఈ హాలు ఇప్పించిన కాలనీ సంఘం వారికి, ఉప్మా, కాఫీ ఏర్పాటు చేసిన అమ్మలకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం "నీడలో పెరిగే తీగలు". పందిరి ఎంత ఎత్తుండాలి, ఏ తీగకు ఏ దిక్కు మంచిది, అవన్నీ రాసుకొచ్చాను. కాగితం నా చేతిలోనే ఉంది. కానీ మొన్న ఊరి శివారులో ఒక నర్సరీకి వెళ్లాక నా మనసు ఆ కాగితం మీద నిలవడం లేదు. అక్కడ చూసింది ముందు చెప్పుకుంటాను, మన్నించండి.

సుగంధిపాల, అదే నన్నారి షర్బత్‌కు వేరు వాడే తీగ, దాని మొక్క ఉందా అని అడిగాను. ఆ కుర్రాడు లోపలికి వెళ్లి ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చాడు. సంచి నిండా తీగలే. వేళ్లతో సహా పెకిలించినవి. సగం వేళ్లు తెగిపోయి, పాలు కారి ఎండిపోయి ఉన్నాయి. "ఫారెస్ట్ సరుకు మేడం, ఒరిజినల్" అన్నాడు. అబ్బాయిని ఏమనను? ఒరిజినల్ కావాలని అడిగేది మనమే కదా. ఆ సంచిలో ఉన్నవి ఏ గుట్ట మీదివో, ఏ అడవిలోవో. ఒక్కో తీగ కొన్నేళ్లు పెరిగి ఉంటుంది. వాటిలో ఒక్కటి కూడా కుండీలో బతుకుతుందని నేను నమ్మను.

ఇంటికొచ్చేదాకా నాకు వేరే దేశపు మొక్క ఒకటి గుర్తొస్తూనే ఉంది. దాని కథ ఇవాళ చెప్పి తీరాలి.

మా అమ్మాయి వాళ్లు అమెరికాలో బోస్టన్ దగ్గర ఉంటారు. ఒక వసంతంలో అక్కడున్నప్పుడు పైన్ చెట్ల అడవిలోకి నడకకు తీసుకెళ్లింది. ఎండిపోయిన ఓక్ ఆకులు, పైన్ సూదులు నేలంతా పరుచుకుని ఉన్నాయి. అల్లుడు వంగి ఆకులు పక్కకు జరిపి "అత్తయ్యా, ఇలా రండి" అన్నాడు. నేలను అంటిపెట్టుకుని పాకుతున్న చిన్న తీగ. కాండం మీద తుప్పు రంగు నూగు. కోలగా, దళసరిగా, గరుకుగా ఉన్న ఆకులు. శీతాకాలమంతా మంచు కింద ఉండి కూడా పచ్చగానే ఉన్నాయి. ఆ ఆకుల కింద దాక్కున్నట్టు లేత గులాబీ రంగు పూలు, అయిదు రేకుల చిన్న గొట్టాలు. మోకాళ్ల మీద కూర్చుని ముక్కు నేలకు ఆనిస్తే గానీ వాసన తెలియలేదు. తెలిశాక లేవబుద్ధి కాలేదు.

దాని శాస్త్రీయ నామం ఎపిజియా రెపెన్స్. అక్కడివాళ్లు ట్రెయిలింగ్ ఆర్బ్యూటస్ అంటారు, మేఫ్లవర్ అనీ అంటారు. రోడోడెండ్రాన్, బ్లూబెర్రీల కుటుంబం. 1620లో ఇంగ్లండు నుంచి మేఫ్లవర్ అనే ఓడలో 102 మంది ప్రయాణికులు వచ్చారు. మొదటి చలికాలంలోనే వాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. మిగిలినవాళ్లకు మంచు కరిగాక మొదట కనిపించిన పువ్వు ఇదేనని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. అది కథే కావచ్చు. కానీ ఆ కథ వల్ల కూడా జనానికి ఆ పువ్వు మీద అంత ప్రేమ.

ఆ ప్రేమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో వసంతం వస్తే చాలు, బోస్టన్ వీధుల్లో ఈ పూలను కట్టలు కట్టి అమ్మేవాళ్లు. ఆ తీగకు వేళ్లు పైపైనే ఉంటాయి. పువ్వు కోసం లాగితే మొక్కంతా ఊడొస్తుంది. పూలు కోసేవాళ్లు కొందరు, తోటలో పెట్టుకుందామని తవ్వుకెళ్లేవాళ్లు మరికొందరు. ఊళ్ల చుట్టుపక్కల అడవుల్లో అది కనబడకుండా పోయింది.

1918లో బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రం దాన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. 1925 నుంచి చట్టం కూడా ఉంది. ఈ చట్టం గురించి కొంచెం ఓపికగా వినండి, నాకు చాలా ఇష్టమైన చట్టం. బహిరంగ స్థలాల్లో గానీ, రాతపూర్వక అనుమతి లేకుండా ఇతరుల నేలలో గానీ మేఫ్లవర్ మొక్కను పీకినా, తవ్వినా, దెబ్బతీసినా 50 డాలర్ల దాకా జరిమానా. అదే పని మారువేషంలోనో, రాత్రిపూట రహస్యంగానో చేస్తే 100 డాలర్ల దాకా! మారువేషం మాట చట్టంలో ఉన్నదే, నేను కలిపింది కాదు. ఒక చిన్న తీగ కోసం శాసనసభ కూర్చుని అంత దూరం ఆలోచించింది. ఇంకో సంగతి గమనించండి. పువ్వు తీసుకోవడానికి తప్పనిసరి అయినంత మేరకు ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. పువ్వు తీసుకో, మొక్క జోలికి పోకు. మనం నేర్చుకోవలసింది ఆ తేడానే.

సరే, తవ్వి తెచ్చి తోటలో పెడితే ఎందుకు బతకదు? దాని వేళ్లు వెంట్రుకలంత సన్నం. ఆ వేళ్లలో కంటికి కనిపించని శిలీంధ్రం కాపురం ఉంటుంది. ఆమ్లగుణం ఉన్న నిస్సారమైన నేలలోంచి పోషకాలు లాగి ఇచ్చేది అదే. వేరు తెగితే ఆ బంధం తెగినట్టే. కొన్నాళ్లు ఆకు పచ్చగా కనిపిస్తుంది, మనం బతికిందనుకుంటాం. తర్వాత ఒక్కసారిగా మాడిపోతుంది. దాని గింజలను అడవిలో చీమలు మోస్తాయి. కాయ చిట్లినప్పుడు లోపల ఉండే తెల్లని గుజ్జు కోసం వచ్చి గింజలు పట్టుకుపోతాయి. చీమలు, శిలీంధ్రం, ఎండాకులు, పైన చెట్టు నీడ, ఇవన్నీ వదిలేసి మొక్క ఒక్కదాన్నే తెస్తే అది ఏం చేస్తుంది చెప్పండి?

దాన్ని తోటలో పెంచడం అసాధ్యమేమీ కాదు. అమెరికా వ్యవసాయ శాఖలో ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఉండేవారు. బ్లూబెర్రీకి ఆమ్లనేల తప్పనిసరి అని నిరూపించి, దాన్ని పొలం పంటగా మార్చినది ఆయనే. ఆయన మేఫ్లవర్ మీద కూడా పనిచేశారు. దానికి నేల ఆమ్లగుణం కొలిచే ఉదజని సూచిక, అంటే pH, నాలుగున్నర, అయిదున్నర మధ్య ఉండాలి, ఇసుక కలిసిన నేల, నీరు నిలవకూడదు, నీడ, పైన ఆకుల కప్పు. గింజతోనో, కొమ్మ ముక్కతోనో కుండీలో మొదలుపెట్టి, వేళ్ల మట్టి చెదరకుండా నేలలోకి దించాలి. ఇవాళ అక్కడ తోటల్లో ఆ తీగ కావాలనుకునేవాళ్లు నర్సరీలో పుట్టిన మొక్కనే వెతుక్కోవాలి. ఏళ్ల తరబడి ఓపిక పట్టాలి. పడతారు కూడా.

వెనక వరసలో అమ్మ చెయ్యెత్తుతున్నారు. ఆ మొక్క హైదరాబాదుకు తెప్పించుకోవచ్చా అనే కదా? వద్దమ్మా. దానికి గడ్డకట్టే చలికాలం కావాలి. మనది ఎర్ర చెల్క నేల, మనం పోసేది ఉప్పు తేలే బోరు నీళ్లు, మే నెలలో నలభై దాటే ఎండ. దాన్ని తెప్పించడం అంటే చంపడానికి డబ్బు కట్టడమే. అది అక్కడే ఉండనివ్వండి. మనకు మన తీగలున్నాయి.

అందుకే మళ్లీ సుగంధిపాల దగ్గరికొస్తాను. మాది నల్లమల అంచున ఆత్మకూరు వైపు. ఎండాకాలంలో మా అవ్వ మంచినీళ్ల కుండలో ఒక వేరు ముక్క వేసేది. సాయంత్రానికి ఆ నీళ్లు తాగితే గొంతులోంచి ముక్కు దాకా సువాసన. ఒక్క ముక్క చాలా రోజులు వచ్చేది. తవ్వేటప్పుడు ఆమె పక్క వేరు ఒకటి తీసుకుని, తల్లి వేరు మీద మట్టి కప్పి, కాలితో అదిమేది. మరుసటి వానకు అక్కడ మళ్లీ చిగురు కనిపించేది. ఆవిడ బడికి పోలేదు. మసాచుసెట్స్ చట్టం చెప్పిన మాటే చేసి చూపించింది.

ఇప్పుడు నన్నారి షర్బత్ సీసాలు హైదరాబాదులో ప్రతి కిరాణా కొట్లోనూ ఉన్నాయి. రాయలసీమ వాళ్లం మనమే ఇష్టంగా కొంటాం, నిమ్మకాయ పిండుకుని తాగుతాం. మంచిదే. కానీ ఆలోచించండి. మేఫ్లవర్‌లో జనం కోరుకున్నది పువ్వు. సుగంధిపాలలో కావలసింది దాని వేరు. వేరంతా తవ్వితే ఇక మిగిలేదేముంది? మారెడు గడ్డల గతీ అదే అయింది. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగని తీగ అది. పచ్చళ్లకు, షర్బత్‌కు తవ్వి తవ్వి అరుదైపోయింది. సుగంధిపాల ఇంకా మన గుట్టల మీద, అడవుల్లో దొరుకుతోంది. దొరుకుతున్నప్పుడే మేలుకోవాలి. దయచేసి, అడవి నుంచి తవ్వుకొచ్చిన మొక్కను ఎవరూ కొనకండి. "ఎక్కడ పెంచారు?" అని అడగండి. జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయండి. మనం కొనకపోతే ఆ గోనెసంచి నిండదు.

పెంచడం కష్టం కాదు, అది చెప్పి ముగిస్తాను. కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఇంకొంచెం, సార్.

ముందు గుర్తుపట్టండి. సన్నని తీగ, నేల మీద పాకుతుంది, ఆసరా దొరికితే చుట్టుకుంటుంది. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, చాలా ఆకులకు నడి ఈనె వెంట తెల్లని చార కనిపిస్తుంది. తుంచితే పాలు వస్తాయి. పూలు చిన్నవి, బయట ఆకుపచ్చ, లోపల ఊదా. ఆకారం చూసి మోసపోవచ్చు గానీ వేరు వాసన మోసం చేయదు.

తెలిసినవాళ్ల తోటలో ఎదిగిన మొక్క నుంచి పక్క వేరు ఒకటి తీసుకుని, రెండంగుళాల ముక్కలు చేసి, తొలకరికి సంచుల్లో నాటండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. కొమ్మ ముక్కలూ వస్తాయి, కానీ నా అనుభవంలో వేరు ముక్కలే నమ్మకం. చిగురు కనిపించడానికి వారాలు పడుతుంది, మధ్యలో తవ్వి చూడకండి! నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. వేరు లోతుకు పోతుంది కాబట్టి వెడల్పు కుండీ కన్నా లోతైనది మేలు. మనమంతా వాడే పెద్ద పెయింట్ బకెట్ సరిగ్గా సరిపోతుంది. అడుగున చిల్లులు మరిచిపోవద్దు. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి. మామిడి, సపోటా కింద నేల ఉన్నవాళ్లు అదృష్టవంతులు, అక్కడే వదిలేయండి. రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టకుండా మొక్క మొదలు చుట్టూ పరచండి. కాస్త తడి అందితే ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. వేసవిలో పైభాగం ఎండినా చచ్చిందని పారేయొద్దు, వేరు బతికే ఉంటుంది, వానకు లేస్తుంది. వేరు కావాలంటే రెండేళ్లు దాటనివ్వండి. అప్పుడు కూడా పక్క వేరు మాత్రమే తీసుకోండి.

ఒక రోజు ఆకుల మీద ముదురు గోధుమ, తెలుపు చారల గొంగళి పురుగు కనిపిస్తుంది, ఒంటి మీద నల్లని కొమ్ముల జతలతో. వేపనూనె సీసా తీయకండి. అది నల్లని రెక్కల అంచుల్లో తెల్లచుక్కలుండే సీతాకోకచిలుక పిల్ల, కామన్ క్రో అంటారు. నాలుగు ఆకులు తింటుంది, తిననివ్వండి. దాని ప్యూపా వెండి పూత పూసినట్టు మెరుస్తూ ఆకు కింద వేలాడుతుంది. మీ ఇంట్లో పిల్లలకు చూపించండి.

గేటు దగ్గర బల్ల మీద మొక్కలు పెట్టాను. అన్నీ నా మిద్దె మీద వేరు ముక్కల నుంచి పెరిగినవే. డబ్బు వద్దు, ఇంటికొకటి. ఒక్క షరతు. కాయలు సన్నగా జంటలుగా కాస్తాయి. పండి చిట్లితే తెల్లని పట్టులాంటి దూదితో గింజలు గాలికి పోతాయి. అందుకని చిట్లక ముందే కాయకు పల్చటి గుడ్డ సంచి కట్టండి. పడిన గింజల్లో సగం మీరు నాటండి, సగం కాగితంలో చుట్టి వచ్చే సమావేశానికి తీసుకురండి, ఇవాళ రానివాళ్లకు ఇద్దాం.